కుట్టు లోపలి చేప

తుపాకుల బీరువా తాళంచెవి మామయ్య నా అరచేతిలో పెట్టి, కట్టెల కొట్టం వైపు వెళ్ళిపోయారు. నిరుడు అక్టోబరులో ఆయన కొట్టిన మూస్ దుప్పి ముంగాలు విరిగి రెండు రోజులు అడవంతా ఈడ్చుకుంటూ తిరిగింది. "నా కళ్ళు అయిపోయాయి" అని వేటసంఘం ముందు ఆయనే చెప్పి తుపాకి దించేశారు. అప్పటినుంచి అడవి మొహం చూడలేదు. ఎదుటి మనిషి మొహం కూడా సరిగ్గా చూడలేదు. బురదనేల అంచున, దుప్పి కోసం కాపు కాసే నాలుగో మాటు నలభై ఏళ్ళుగా మా ఇంటిది. ఈ శనివారం వేట మొదలయ్యేలోగా మా ఇంటినుంచి ఎవరో ఒకరు దానికి నిలబడకపోతే అది సంఘం నాయకుడు రేయో అల్లుడికి పోతుంది. నా భర్త యార్కోది ఉత్తరాన గనిలో పని. "ఆ మాటు నాకొద్దు" అని ఫోన్ పెట్టేశాడు. ఇక మిగిలింది నేను. పద్నాలుగు నెలల పిల్లని చంకనేసుకుని, గురి పరీక్షకి నేనే పేరిచ్చాను. నేను నెగ్గితే పక్కన కూర్చోడానికైనా వస్తానన్నారు మామయ్య. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా.

*

గురువారం మధ్యాహ్నం ఇసుకగుంట దగ్గర మంచు ఇంకా నేలకి అంటుకునే ఉంది. రేయో, హెల్వి ఇద్దరే పరీక్ష పెట్టేవాళ్ళు. హెల్వి ముప్పై ఏళ్ళు మా ఊరు కోర్పివారాలో ఉత్తరాలు పంచింది, ఇప్పుడు సంఘానికి వంటా చేస్తుంది, గడియారమూ పట్టుకుంటుంది. మామయ్య దూరంగా కొయ్యదుంగ మీద కూర్చున్నారు. ఆయన కోటులో నా కూతురు హిల్లా నిద్రపోతోంది, చప్పుడు పడకుండా చెవులకి ఆకుపచ్చ డిప్పలు పెట్టి.

"ఏం కోడలా, తుపాకి బరువా, పిల్ల బరువా?" అన్నాడు రేయో.

"పిల్లే. తుపాకి రాత్రిళ్ళు లేచి ఏడవదు."

హెల్వి నవ్వింది. రేయో నవ్వలేదు. "తొంభై సెకన్లు. నాలుగు గుళ్ళు. నాలుగూ బొమ్మ గుండెమీది సున్నాలో పడాలి. మూడు పడితే ఇంటికెళ్ళి గంజి కాచుకో."

డెబ్బై అయిదు మీటర్ల అవతల అట్టకి అంటించిన కాగితంమీద గీసిన దుప్పి నిలబడి ఉంది. కొయ్యస్తంభానికి ఆనుకుని తుపాకి ఎత్తాను. గొట్టం చివర సైలెన్సర్, దానిమీద అత్తయ్య ఐలి కుట్టిన బూడిదరంగు ఉన్ని తొడుగు. అత్తయ్యని నేను చూడలేదు, నేను ఈ ఇంటికి రాకముందే పోయింది. సంఘంలో తొమ్మిది మందికీ ఒకే పాత కంబళి కోసి ఆమె కుట్టిచ్చిందట ఆ తొడుగులు. వేడెక్కిన సైలెన్సర్ మీంచి గాలి సెగలా లేచి గురి కదిలిపోకుండా.

మొదటి గుండు పేల్చాను.

సైలెన్సర్ ఉంటే చప్పుడే రాదనుకుంటారు తెలియనివాళ్ళు. వస్తుంది. తడిచెక్కని నేలమీద పడేసినట్టు ఒక దెబ్బ, ఆ వెంటనే గుండు గాలిని చీల్చుకుపోయే చప్పుడు అవతల అడవిలో ఎక్కడో. రెండూ ఒకే చోటునుంచి వచ్చినట్టుండవు. భుజం మీద తన్ను కూడా దూడ తలతో పొడిచినంతే. తల తిప్పి చూశాను. హిల్లా కనురెప్ప కదల్లేదు. భూర్జవృక్షం కొసన కూర్చున్న అడవికోడి మెడ చాచి ఇటు చూసి, మళ్ళీ మొగ్గలు పొడుచుకోవడంలో పడింది. ఇంత అడవి, ఇంత ఆకాశం, మధ్యలో అంత నిప్పు పేల్చినా ఎవరి నిద్రా చెడలేదు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మామయ్య చూస్తున్నది కాగితం వైపు కాదు, పిల్ల కళ్ళ వైపు. ఆయన కుర్రతనంలో ఇక్కడ సైలెన్సర్లు లేవు. ఒకసారి చెప్పారు నాకు. ఆ పేలుళ్ళకి ముందు చీకటిపడే వేళ మిడతల చప్పుడు చెవినుంచి పోయిందట. తర్వాత వడ్రంగిపిట్ట. ఆ తర్వాత అత్తయ్య దిండు మీదనుంచి చెప్పే మాటలు. ఇప్పుడు హిల్లా ఆయన్ని చూసి "ఉక్కీ, ఉక్కీ" అని పిలుస్తుంది, అది తాతని పిలిచే తీరు. ఆయన దాని పెదాలు చూసి పలుకుతారు. అది వెనకనుంచి పిలిచిన రోజు పలకరు.

మిగిలిన మూడూ కొట్టాను. రేయో వెళ్ళి కాగితం చించుకొచ్చి, దాన్ని తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు.

"నాలుగూ కాఫీగ్లాసు మూత కింద పడతాయి, అంత దగ్గరగా ఉన్నాయి."

కాగితం కోసం చెయ్యి చాచాను.

"కాకపోతే ఆ మూత వేరే చోట ఉంది. సున్నాకి కింద, ఎడమకి. నీ దుప్పి బతికింది కోడలా, దాని నీడ చచ్చింది."

"ఇంకోసారి కొట్టొచ్చు" అంది హెల్వి గబగబా.

"కొట్టనీ. మీ మామ తౌనో తుపాకి కూడా తౌనోలాగే అయిపోయింది." మామయ్యకి వినపడదని తెలిసీ రేయో గొంతు తగ్గించాడు. ఆ తగ్గించడమే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

మామయ్య లేచారు. పిల్లని హెల్వి చేతుల్లో పెట్టి నా దగ్గరికి వచ్చారు. కాగితం ఇంకా రేయో చేతిలోనే ఉంది, దాని వీపు మావైపు ఉంది. ఆయన అటు చూడనైనా చూడలేదు. తుపాకి దుర్భిణి మీది చిన్న మూత విప్పి, బొటనవేలితో చక్రం తిప్పడం మొదలుపెట్టారు. ఒక్కో టిక్కుకీ పెదాలు కదిలాయి. పద్దెనిమిది. తర్వాత పక్క చక్రం. పది. మూతలు బిగించారు.

"ఇప్పుడు కొట్టు తల్లీ."

కొట్టాను. ఈసారి రేయో కాగితం తెచ్చి నా చేతికే ఇచ్చాడు. నాలుగు చిల్లులు సున్నా నడిమధ్యలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. హెల్వి పిల్లని ఎత్తుకునే నన్ను కావలించుకుంది. నేను నవ్వుతూనే ఉన్నాను, నా కళ్ళు మాత్రం మామయ్య బొటనవేలి మీంచి కదల్లేదు.

కాగితం చూడని మనిషికి పద్దెనిమిదని ఎలా తెలిసింది?

*

మా ఇంట్లో రహస్యం చెప్పుకోవాలన్నా కేకెయ్యాలి. అందుకే దారంతా అడగలేదు. ఇంటికొచ్చి, కాఫీ కాచి, రై పిండి రొట్టెమీద వెన్న రాసి ఆయన ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

తుపాకినుంచి సైలెన్సర్ విప్పి కిటికీ గట్టు మీద నిలబెట్టారు ఆయన. పేల్చిన ప్రతిసారీ లోపల చెమ్మ పడుతుంది, విప్పి ఆరబెట్టకపోతే గొట్టం మూతి తుప్పు పడుతుంది. ఇక్కడ పిల్లలకి బూట్లు విప్పడం నేర్పినట్టే ఇదీ నేర్పుతారు. తొడుగు అంచు దగ్గర కుట్టు ఊడి ఉంది. కుట్టేద్దామని సూదీ దారం తీసుకుని దాన్ని ఊడదీశాను, లోపలి వైపు తిప్పాను.

లోపల, కుట్టు పక్కన, నీలం దారంతో చిన్న చేప. పొడుగు మూతి, చుక్కంత కన్ను.

"మామయ్యా, ఇదేంటి?"

ఆయన నా పెదాలు చూశారు, నా చేతిలోది చూశారు. రొట్టె కింద పెట్టేశారు.

"మీ అత్తయ్య గుర్తులు. అందరి తొడుగులూ ఒకేలా ఉంటాయని లోపల ఒక్కొక్కరికి ఒక్కోటి కుట్టింది."

"మీది చేపా?"

ఆయన లేచి అత్తయ్య కుట్టుపెట్టె తెచ్చి మూత ఎత్తి చూపించారు. మూత లోపల గుడ్డమీద మూడు ఎర్ర చుక్కలు. అడవిలో ఏరుకునే ఎర్రపళ్ళు. "నాది ఇది."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఈ సైలెన్సర్ మామయ్యది కాదు. సైలెన్సర్ మారితే గొట్టం కొసన బరువు మారుతుంది, గుండు వేరేచోట తగులుతుంది. ఒకరి చెప్పుల్లో ఇంకొకరు నడిచినట్టే. అంటే నిరుడు ఆ దుప్పి ముందు...

"మీ కళ్ళకేం కాలేదు" అన్నాను. ఆయనకి వినపడలేదు. కేకేశాను. "మీ కళ్ళకేం కాలేదు మామయ్యా."

పక్కగదిలో హిల్లా కదిలింది.

"మర్నాడే ఇసుకగుంటకి ఒక్కణ్ణే వెళ్ళి రెండు గుళ్ళు కొట్టి చూశాను" అన్నారు నెమ్మదిగా. "పద్దెనిమిది, పది. మర్చిపోతానా?"

"మరెందుకు చెప్పలేదు? ఎలా మారింది ఇది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు తప్పించడంలో ఏదో ఉంది. ఉన్నట్టుండి నా ముక్కుకి తడి ఉన్ని వాసన కొట్టింది, నిరుటిది.

వేటగుడిసె. పొయ్యి పైన పొడుగాటి చెక్క. ముందురోజు వేటనుంచి వచ్చి అందరూ సైలెన్సర్లు విప్పి దానిమీద వరసగా నిలబెట్టి పోతారు. నేను తెల్లవారకముందే సూపు కాయడానికి వచ్చాను. రెండు నెలల పిల్ల, మూడు రాత్రుళ్ళుగా నిద్ర లేదు, దాని మేజోళ్ళు తడిసిపోయాయి. చెక్క మధ్యలో వేడి బాగా తగులుతుందని అక్కడున్న రెండు సైలెన్సర్లు తీసి బల్లమీద పెట్టి మేజోళ్ళు ఆరేశాను. ఆరాక వాటిని తిరిగి పెట్టేశాను. ఏది ఎటు ఉందో ఎవరు చూశారు? రెండూ ఒకేలా ఉన్నాయి.

"ఆ చెక్కమీద పేర్లుండవు" అన్నారు మామయ్య, నా మొహంలో అంతా చదివేసినట్టు. "మాటు లెక్క. మొదటి మాటు వాడిది మొదటి చోటు. నాలుగోది నాది. నలభై ఏళ్ళు. దీపం పెట్టక్కర్లేదు, చూడక్కర్లేదు, చెయ్యి దానంతటది వెళ్తుంది. కోర్పివారాలో పుట్టినవాడెవడూ ఇంకొకడి చోటు ముట్టుకోడు. నువ్వు ఊరికి కొత్త. నీకెవరు చెప్పారు?"

"నేనే చేశాను" అన్నాను. అది కేకెయ్యాల్సి వచ్చింది. అలాంటి మాట ఎవరైనా గొణుగుతారు. నేను సొంత వంటింట్లో నిలబడి కేకేశాను. "నేనే మార్చాను. నా వల్ల మీరు ఏడాది..."

"కూర్చో."

"అందరూ మిమ్మల్ని గుడ్డివాడన్నారు మామయ్యా."

"కూర్చో తల్లీ. చెక్కమీద ముట్టుకున్నది నువ్వు కావచ్చు. తిప్పి బిగించింది నా చెయ్యి." ఆయన రెండు చేతులూ బల్లమీద పెట్టారు, పగుళ్ళు వేసిన పెద్ద చేతులు. "బరువు తెలిసింది కూడా. చేతితొడుగుల్లోంచి కూడా తెలిసింది. ఇవాళ కాస్త బరువుందేంటి అనుకున్నాను, చలికి చెయ్యి మొద్దుబారింది అనుకుని బిగించేశాను. ఆ అనుకోవడం నాది. ఆ దుప్పి రెండో రోజు చెరువులో మోకాల్లోతు నీళ్ళలో మూడు కాళ్ళమీద నిలబడి మా వైపు చూసిందే, ఆ చూపు నాది. దాన్ని నీకెలా ఇస్తాను?"

నేను చదువు సగంలో ఆపేసి, కడుపుతో ఈ ఊరొచ్చిన పిల్లని. మొదటి ఆర్నెల్లు దుకాణంలో కూడా ఎవరూ నాతో రెండు మాటలకి మించి మాట్లాడలేదు. ఆ అక్టోబరులో నిజం బయటపడి ఉంటే నేను హిల్లాని తీసుకుని వెళ్ళిపోయి ఉండేదాన్ని, నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. అందుకని ఈయన తన కళ్ళు ఇచ్చేశారు. పేరూ, మాటూ, అడవీ అన్నీ ఇచ్చేసి, రోజూ పొద్దున్నే నా పొయ్యిలోకి కట్టెలు తెచ్చి పెట్టారు. ఒక్క నాడు కూడా నా వైపు వేరేగా చూడలేదు. మనిషిలో అంత చోటు ఉంటుందా? బురదనేల అంచున మొదటిసారి దుప్పిని దగ్గరగా చూసినప్పుడు కాళ్ళు కదల్లేదు నాకు. ఇప్పుడూ అలాగే ఉంది.

"పక్క చోటు ఎవరిది?" అన్నాను చివరికి. "ఈ చేప ఎవరిది? మీది వాళ్ళ దగ్గరుందన్నమాటే కదా. ఏడాదిగా దాంతో కొడుతున్నవాళ్ళకి తేడా తెలిసుండదా?"

"తెలిసే ఉంటుంది."

"మరి నోరెత్తలేదే?"

"ఎవరైతేనేం." ఆయన మొహం మూసుకుపోయింది. "నాకు చెప్పాల్సిన పని లేదు. నువ్వూ చెప్పకు. చెప్తే నీ పక్కన మాటులో కూర్చోను."

*

చెక్క మధ్యలో నాలుగో చోటు పక్కది ఐదోది. ఐదో మాటు రేయోది. సంఘం కాగితంలో నేనే చదివాను.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి గుడిసెలో మాటులు పంచుకునే సమావేశం. మామయ్య ఏడాది తర్వాత మొదటిసారి ఆ మెట్లెక్కారు. పిల్లని నేను ఎత్తుకుంటే కాగితాలమీద సంతకం పెట్టలేనని సాకు చెప్పి రప్పించాను. ఆయన తలుపుకి వీపు పెట్టి, పొయ్యి పక్కన, హిల్లాని మోకాలిమీద కూర్చోబెట్టుకున్నారు. ఎవరో ఆయనకి కాఫీ ఇచ్చారు. ఎవరో భుజం తట్టారు. ఇంకెవరో, "చెవులు పనిచేస్తున్నాయా ముసలోడా?" అంటే, "నీ మాట వినపడకుండా ఉండేటంత బాగా" అన్నారు. నవ్వులు లేచాయి. ఆ నవ్వు విని నాకు భయమేసింది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఇది పోతుంది. తెరవకపోతే అబద్ధంమీద కూర్చుంటుంది.

"నాలుగో మాటు, వీర్పి" అని రేయో నా పేరు చదివాడు. "తౌనో తోడు కూర్చుంటాడు. తుపాకి ముట్టడు."

ఆ చివరి మాట నన్ను లేపింది.

"ఎందుకు ముట్టకూడదు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సంచీలోంచి సైలెన్సర్ తీసి బల్లమీద నిలబెట్టాను, పక్కన తొడుగు లోపలివైపు తిప్పి పెట్టాను. మేజోళ్ళ సంగతి, పద్దెనిమిది టిక్కుల సంగతి, అంతా చెప్పాను. ఎవరూ అడ్డు రాలేదు. మామయ్యకి నా వీపే కనిపిస్తోంది, నా పెదాలు కనిపించవు. కావాలనే అలా నిలబడ్డాను.

"తప్పు నాది" అన్నాను. "నేను ఈ ఊరిదాన్ని కాను, తెలియలేదు. కానీ ఇంకొకరు ఊరివాళ్ళే. మామయ్య సైలెన్సర్ ఏడాదిగా పెట్టుకుని, గురి మారిందని తెలిసీ, దుర్భిణి తిప్పుకుని ఊరుకున్నారు. ఇదే బల్ల దగ్గర కూర్చుని ఆయన్ని ముసలోడన్నారు. ఐదో చోటు మీది, రేయో."

రేయో మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. లేచి, పొయ్యి పైన చెక్క దగ్గరికి వెళ్ళి, ఐదో చోటులోంచి తనది తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. జేబులోంచి కత్తి తీసి తొడుగు కుట్టు తానే కోశాడు. లోపలివైపు తిప్పాడు.

పసుపుదారంతో గుడ్లగూబ.

"ఐలి నవ్వుతూ కుట్టింది, నేను రాత్రిళ్ళు నిద్రపోనని" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "ఐదో మాటుకి నేనొచ్చింది ఈ ఏడే కోడలా. నిరుడు నేను రెండులో ఉన్నాను. నిరుడు ఐదులో..."

ఆపేశాడు. బల్ల చుట్టూ ఒక్కొక్కరే తల దించుకున్నారు.

హెల్వి వంటగది గడపలో నిలబడి ఆ నీలం చేపని చూస్తోంది. "ఏడేళ్ళప్పుడు" అంది మెల్లగా, "తన చెయ్యంత చేప పట్టుకుని, ఊరంతా ఇంటింటికీ తిప్పి చూపించాడు. నా ఉత్తరాల సంచీలో కూడా పెట్టబోయాడు. ఐలి అందుకే చేప కుట్టింది."

"ఎవరు?" అన్నాను. కానీ నా నోరు అడుగుతుండగానే నా చెవుల్లో ఆ ఫోన్ మాట మోగింది. ఆ మాటు నాకొద్దు.

మామయ్య కొడుక్కి మొదటి తుపాకితో పాటే సైలెన్సర్ కొనిచ్చారట, నువ్వైనా నీ పిల్లల మాట వినాలిరా అని.

బయట మంచు మీద చక్రాలు కరకరలాడాయి. గనినుంచి వచ్చే వ్యాను, ప్రతి మూడో శుక్రవారం ఆరింటికి. తలుపు చప్పుడు. మెట్లమీద బూట్లు దులిపిన చప్పుడు. గదిలో అందరూ విన్నారు, ఒక్క మనిషి తప్ప. ఆయన పొయ్యివైపు తిరిగి, మనవరాలి వేళ్ళు లెక్కపెడుతున్నారు.

తలుపు తెరుచుకుంది. భుజాన తుపాకి సంచీతో యార్కో లోపలికి వచ్చి, నవ్వబోయి, బల్లమీద ఉన్న నీలం చేపని చూసి ఆగిపోయాడు.

హిల్లా తాత భుజంమీంచి చూసింది. మొహం విప్పారింది. "ఇసీ" అంది, నాన్న అని, చెయ్యి చాచి.

ఆ మాట మామయ్యకి వినపడలేదు. ఆ చెయ్యి కనపడింది. అది ఎటు చూపిస్తోందో చూడ్డానికి, ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగారు.